17 ఏండ్లు బార్డర్ కాసిన మా నాయిన పైసలు 40 నిమిషాలల్ల పోయినయ్. రక్షణ ఖర్చుల మన ఫోన్లకు వాటా లేదా?

మూసీ_ఒడ్డు (నకిరేకల్)
అందరికి నమస్తే. జర పెద్దగనే రాస్తున్న, ఓపిక పట్టి చదవున్రి. మా నాయిన ఆర్మీల 17 ఏండ్లు చేసి హవల్దార్‌గ రిటైర్ అయిండు. జమ్మూ కాశ్మీర్ల రాజౌరి దిక్కు మూడేండ్లు ఉన్నడు, ఇప్పుడు 64 ఏండ్లు, మాకు నాలుగెకరాల బత్తాయి తోట, ఆయన పెన్షన్, గంతే. మొన్న నవంబర్ల ఒక శనివారం సాయంత్రం తోటకు నీళ్లు పెట్టి వచ్చి వాకిట్ల మంచంల కూసున్నడు, ఫోన్ వచ్చింది. అటు దిక్కు మనిషి ఫస్టే "జై హింద్ సాబ్" అన్నడంట. ఆ ఒక్క మాటకే మా నాయిన లేచి కూసున్నడు, నేను పక్కనే ఉన్న, చూసిన. హిందీల మాట్లాడిండు, పీపీఓ, అంటె పెన్షన్ ఆర్డర్ నంబర్ చివరి అంకెలు చెప్పిండు, రిటైర్ అయిన నెల చెప్పిండు, యూనిట్ పేరు గూడ చెప్పిండు. మీ లైఫ్ సర్టిఫికెట్ పడలేదు, నెలాఖరు దాటితె పెన్షన్ ఆగుతది, మల్ల ప్రయాగ్‌రాజ్ పెన్షన్ ఆఫీసు దాక తిరగాలె, వాట్సాప్‌ల ఫైల్ పంపుతున్న నొక్కున్రి అన్నడు. నొక్కిండు.

ఓటీపీ ఎవ్వరికీ చెప్పలె మా నాయిన. ఒక్కటి గూడ చెప్పలె. ఆ ఫైలే ఫోన్‌ల జొరబడి మెసేజులన్ని వానికి పంపుకుంట పోయింది, మాకు తర్వాత తెలిసింది. ఏడుసార్లు తీసిన్రు, మొత్తం 4,12,000. చెల్లె పెండ్లికని ఎఫ్‌డీ విరగ్గొట్టి సేవింగ్స్ ఖాతాల ఏసిన పైసలు అవి. ఆదివారం పొద్దున పెట్రోల్ బంకుల ఫోన్‌పే కొడితె ఫెయిల్ అయింది, చూస్తె 212 రూపాయలు ఉన్నయ్. ఆదివారం బ్రాంచి బంద్. సైబర్ మోసాలు చెప్పుకునే 1930 అనే ఫోన్ నంబర్ ఒకటుందని ఇంట్ల ఎవ్వరికీ తెల్వది, నేను డిగ్రీ చదివిన, నాకు గూడ తెల్వది. సోమవారం బ్యాంకుకు పోతె పోలీసులకాడికి పోండి అన్నరు, పోలీసులకాడ ముందు 1930కి కొట్టున్రి అన్నరు. అంతా అయ్యేసరికి మధ్యాహ్నం. 61,000 ఆగినయ్ అని చెప్పిన్రు, మిగిలింది ఎన్ని ఖాతాలు మారిందో వాళ్లకే తెల్వది.

అప్పటి నుంచి ఆయన హోటల్‌కు చాయ్ తాగెటందుకు గూడ పోతలేడు. మొన్న రాత్రి ఒక్కటే మాట అన్నడు, "డ్యూటీల ఒక్క రాత్రి గూడ కన్ను మూయలే బిడ్డా, ఇంట్ల మంచంల కూసోని ఓడిపోయిన". నాకు ఏం చెప్పాల్నో తెల్వలె.

నేను అడిగేది ఏందంటె, 2025-26ల రక్షణకు 6.81 లక్షల కోట్లు పెట్టిన్రు. అదే 2024ల మన దేశంల జనం సైబర్ మోసాలల్ల పోగొట్టుకున్నది 22,845 కోట్లు అని కేంద్ర హోం శాఖనే పార్లమెంటుల చెప్పింది, అంతకుముందు ఏడాది 7,465 కోట్లు ఉండె. ఒక్క ఏడాదిల మూడింతలు. ఇది దాడి కాదా? కడుతున్న పన్నుల మా నాయిన ఫోన్‌ను కాసెటోడు ఎవడు?

రిటైర్డ్_నాయక్ (మిర్యాలగూడ)
తమ్మీ, ముందు మీ నాయినకు నా జై హింద్ చెప్పు. నేను సిగ్నల్స్‌ల చేసిన, 2009ల వచ్చిన. సిగ్గుపడెటిది ఏం లేదని చెప్పు, "జై హింద్ సాబ్" అన్న పిలుపుకు మనం లొంగుతం, ఎందుకంటె ఆ పిలుపు మీదనే ఇన్నేండ్లు బతికినం. వాడు తెలివి మీద కొట్టలె, ఆ నమ్మకం మీద కొట్టిండు.

బడ్జెట్ సంగతి జర వివరంగ చెప్త, ఎందుకంటె 6.81 లక్షల కోట్లు అంటె అందరు ట్యాంకులు, విమానాలు అనుకుంటరు. అండ్ల దగ్గర దగ్గర 1.61 లక్షల కోట్లు పెన్షన్లే, మీ నాయినకు నాకు వచ్చేవే. జీతాలు, రేషన్, డీజిల్, మందుగుండు, రిపేర్లు అన్ని కలిపి రోజువారి ఖర్చు 3.11 లక్షల కోట్లు. కొత్త ఆయుధాలు, ఓడలు, విమానాలు కొనుడుకు ఉన్నది 1.80 లక్షల కోట్లు. మిగిలింది సివిల్ సంస్థలకు. దేశం సంపాదన మీద చూస్తె రెండు శాతం లోపే. చైనా పక్కల పెట్టుకొని ఇది ఎక్కువ అని నేను అనలేను. సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్‌ల పోయిండు, ఆ పొద్దు టీవీ ముందట కూసున్న మా ఊరు ఊరంత నాకు యాదికుంది. దాని తర్వాత రెండు వారాలకు, జూన్ 29న, టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లు బంద్ పెట్టిన్రు. అంటె బార్డర్ల గొడవకు జవాబు ఫోన్‌ల ఇచ్చిన్రన్నట్టు. ఫోన్ గూడ బార్డరే అని సర్కార్ ఆనాడే ఒప్పుకున్నది కద.

కని నీ ప్రశ్న కరెక్ట్. డీఆర్‌డీఓకు మొత్తం ఏడాదికి ఇచ్చింది 26,817 కోట్లు. మిసైళ్లు, రాడార్లు, పరిశోధన అన్ని అందులనే, హైదరాబాద్ కంచన్‌బాగ్ ల్యాబ్‌లు గూడ. జనం దొంగలకు పోగొట్టుకున్నది 22,845 కోట్లు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసినంక నాకు నిద్ర పట్టలె.

దేవరకొండ_టీచర్
అన్నా, మీ నాయిన గురించి చదివి మనసు పాడైంది. మా స్కూల్ల చేసి రిటైర్ అయిన సారుకు గూడ పోయిన ఏడాది గిట్లనే అయింది, ఆయనది "డిజిటల్ అరెస్ట్". వీడియో కాల్‌ల పోలీస్ డ్రెస్సు, వెనుక జెండా, రెండు దినాలు రూంలకెల్లి బయటికి రానియ్యలె, భార్యకు గూడ చెప్పొద్దన్నరు. అసలు మన చట్టంల డిజిటల్ అరెస్ట్ అన్నదే లేదు, ఏ పోలీసు వీడియో కాల్‌ల అరెస్ట్ చెయ్యడు. ఈ ఒక్క ముక్క తెలిసుంటె ఆ సారు అమ్మాయి చదువు పైసలు మిగులుతుండె.

కని నాయక్ గారు చెప్పిన దాంట్ల నాకు ఒప్పుకోబుద్ది కానిది ఒకటుంది. రెండు శాతమే అంటున్నరు. మొత్తం కేంద్ర బడ్జెట్ల చూస్తె రక్షణది 13 శాతం పైనే. మా మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన ముసలోళ్లు ఇంకా ఉన్నరు, నా క్లాసుల పిల్లల తాతలే. శ్రీశైలం నీళ్లు తెచ్చే ఎస్‌ఎల్‌బీసీ సొరంగం 44 కిలోమీటర్లు, నల్లగొండకు నీళ్లిచ్చేటందుకు 20 ఏండ్ల కింద మొదలుపెట్టిన్రు, ఇంకా తవ్వుతనే ఉన్నరు. అందుకే నాకు బడ్జెట్ అనంగనే మా ఊరి బోరు యాదికొస్తది. రక్షణ వద్దని నేను అంటలేను, కని రక్షణ అంటె ఏంది అనేది ముందు తేల్చుకోవాలె. ఎయిమ్స్ ఢిల్లీ సర్వర్లు 2022 నవంబర్ల హ్యాకర్లు లాక్ చేస్తె రెండు వారాలు చేతితోని చీటీలు రాసుకున్నరు, దేశంల అంత పెద్ద దవఖాన అది. ఆ లైన్ల నిలబడ్డ రోగి యుద్ధంల దెబ్బ తిన్నట్టే కద. దవఖాన సర్వర్‌కు కాపలా పెడితె అది ఆరోగ్యం ఖర్చా, రక్షణ ఖర్చా?

రిటైర్డ్_నాయక్ (మిర్యాలగూడ)
టీచరమ్మా, ఎస్‌ఎల్‌బీసీ పేరు తెచ్చినవ్ కాబట్టి ఒక్కటే చెప్త. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంటకాడ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల ఇరుక్కుంటె ఆర్మీ ఇంజినీర్లు వచ్చిన్రు, నేవీ మార్కోస్ కమాండోలు వచ్చిన్రు. బురదల, నీళ్లల్ల, మళ్ల కూలుతదో ఏమో తెల్వని జాగల పోయిన్రు. ఇద్దరి మృతదేహాలే బయటికి తేగలిగిన్రు, అది వేరే బాధ. రక్షణకు పెట్టిన పైస మన నల్లమలకు గూడ వచ్చింది అనేదే నా మాట. మిగిలిన దాంట్ల మీతోని నాకు పేచీ లేదు.

ఎవరు దేన్ని కాస్తరో జర చెప్త, ఎందుకంటె ఇక్కడనే అందరికి గందరగోళం. సైన్యంల డిఫెన్స్ సైబర్ ఏజెన్సీ అని 2019 నుంచి ఉంది, అది సైన్యం నెట్‌వర్కులు చూస్తది. కరెంటు గ్రిడ్లు, బ్యాంకుల పెద్ద సిస్టంలు, టెలికాం లాంటియి చూసుకునేది ఎన్‌సీఐఐపీసీ. 2004ల పెట్టిన సెర్ట్-ఇన్ అని ఇంకోటి, కంపెనీల మీద దాడి జరిగితె ఆరు గంటల లోపల చెప్పాలని 2022ల రూల్ తెచ్చింది. మనలాంటోళ్ల ఫిర్యాదులు చూసేది హోం శాఖ కింద ఐ4సీ. కని కేసు రాసేది, దొంగను పట్టేది మాత్రం మన స్టేషనే, ఎందుకంటె పోలీస్ అనేది రాష్ట్రం చేతిల ఉంటది. పైన నాలుగు అంతస్తులు కట్టిన్రు, మెట్లు మాత్రం మన మండలం దాక దిగలె.

కౌంటర్_మూడు (నల్లగొండ)
నేను బ్యాంకుల పని చేస్త, ఏ బ్యాంకో చెప్పను. మూసీ_ఒడ్డు అన్నా, ఇది జర జాగ్రత్తగ చదువు. ఆర్‌బీఐ 2017 జులై 6న ఒక సర్క్యులర్ ఇచ్చింది. బ్యాంకు తప్పు లేదు, కస్టమర్ తప్పు లేదు, మూడో చోట జరిగింది అంటె మూడు పనిదినాల లోపల బ్యాంకుకు చెప్తె కస్టమర్ ఒక్క రూపాయి గూడ పెట్టుకునే పని లేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలల్ల చెప్తె కొంత వరకే నష్టం. కస్టమర్ తనే పిన్ను, ఓటీపీ ఇచ్చుకుంటె మాత్రం చెప్పేదాక పోయింది కస్టమర్‌దే, చెప్పినంక పోయింది బ్యాంకుదే. మీరు శనివారం రాత్రి జరిగింది సోమవారం చెప్పిన్రు, లెక్కల ఉన్నరు. మీ నాయిన ఓటీపీ చెప్పలేదు, ఫైల్ నొక్కిండు. దాన్ని బ్యాంకు "నిర్లక్ష్యం" అంటది, మీరు కాదనాలె. తప్పు కస్టమర్‌దే అని చూపించే భారం బ్యాంకు మీదనే ఉంటదని ఆ సర్క్యులర్ల రాసి ఉంది, ఆ లైన్ మీ కాగితంల తప్పకుండ రాయున్రి. బ్రాంచికి చేతితోని రాసి ఇయ్యి, రెండో కాపీ మీద ముద్ర ఏయించుకో, నోటిమాట నమ్మకు. 30 దినాలల్ల జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు పెట్టు, రూపాయి ఖర్చు కాదు, 14448కి కొడితె ఎట్ల పెట్టాల్నో చెప్తరు. వస్తయని నేను మాటియ్యలేను, కని అడగకుండ ఉండొద్దు.

ఆగిన 61,000కు కోర్టు ఆర్డర్ కావాలె, మన తెలంగాణల లోక్ అదాలత్‌ల చాలామందికి ఇప్పించిన్రు, స్టేషన్ల మీ కేసు చూసే ఐఓను అడుగు, లిస్టుల పేరు పెట్టమను.

ఇంకోటి, నాకు రోజు కడుపుల మండేది. పీపీఓ నంబర్ వానికి ఎట్ల తెలిసింది? ఎక్కడనో లీక్ అయింది. డేటా రక్షణ చట్టం 2023ల వచ్చింది, రూల్స్ 2025 నవంబర్ల వచ్చినయ్, అసలు బాధ్యతలన్ని పూర్తిగ అమలయ్యేది ఆ నవంబర్ నుంచి ఏడాదిన్నరకు. డేటా కాపాడనోళ్లకు 250 కోట్ల దాక జరిమానా ఉంది, మంచిదే. కని ఆ పైసలు కేంద్రం ఖజానాకు పోతయ్, మీ నాయినకు రావు. ఐటీ చట్టంల 43ఏ అని ఒక సెక్షన్ ఉంది, డేటా సరిగ కాపాడని కంపెనీ నుంచి నష్టపరిహారం అడిగేటట్టు. కొత్త చట్టం పూర్తిగ అమలైతె అదే పోతది. డేటా మనది, లీక్ అయితె జరిమానా సర్కార్‌కు. ఇది నాకు అస్సలు మింగుడు పడదు.

జడ్చర్ల_చౌరస్తా
మోసపోయినోళ్ల కత చెప్పిన్రు, మోసం చెయ్యకుండనే దొంగ అనిపించుకున్నోని కత చెప్త. నాది జడ్చర్లల చిన్న టిఫిన్ సెంటర్, పొద్దున నాలుగున్నరకు పొయ్యి ముట్టిస్తం. ఒక పొద్దు నూనె తెద్దామని పోయి పైసలు కొడితె పోతలెవ్వు. బ్యాంకుకు పోతె నీ ఖాతా ఆపినం, వేరే రాష్ట్రం పోలీసుల నుంచి లెటర్ వచ్చింది అన్నరు. అడగంగ అడగంగ తెలిసిందేందంటె, ఎవడో నలుగురు దోస్తులతోని వచ్చి ఇడ్లి, పూరి తిని 480 రూపాయలు స్కాన్ చేసి పోయిండు, వాని ఖాతాలకు అంతకుముందు దొంగ పైసలు వచ్చి ఉన్నయంట. 480 రూపాయలకు నా 86,000 మొత్తం ఆపిన్రు. 23 దినాలు. అప్పు మీద పప్పు తెచ్చిన, పనిచేసే ఇద్దరు అక్కలకు జీతం ఆలస్యమైంది. ఆ రాష్ట్రం స్టేషన్‌కు ఫోన్ చేస్తె ఎత్తరు, ఎత్తితె వాళ్ల భాష నాకు రాదు. ఆఖరికి మా బ్రాంచిల ఒక సారు దయ తలిచి మెయిల్ రాసిండు, తర్వాత ఇడిచిన్రు.

దొంగ పైస వెనుక పోలీసులు పడాలె, తొందరగ ఆపాలె, ఆపితెనే ఈ అన్న పైసలు దొరుకుతయ్. అది నాకు అర్థమైతది. కని 480 అనుమానం ఉంటె 480 ఆపాలె. ఖాతా మొత్తం ఎందుకు ఆపాలె? అదొక్కటి రూల్ సరిగ చేస్తె నాలాంటోళ్లు ఎంతమంది బతుకుతరో.

మా దిక్కు పోరగాళ్లకు గూడ ఒక మాట. ఖాతా కిరాయికిస్తె నెలకు ఐదువేలు, పాస్‌బుక్కు, ఏటీఎం, సిమ్ము ఇస్తె చాలు అంటె ఇస్తున్నరు. ఈ అన్న నాయిన పైసలు ఏడుసార్లు పోయినయంటె ఏడు ఖాతాలు ఎవరివి? ఎవడో మనలాంటి పోరనివే. పోలీసులు ఫస్ట్ పట్టేది గూడ వాన్నే, పైనోడు దొరకడు.

నారాయణపేట_మగ్గం
ఇది రాయాల్నా వద్దా అని రెండు దినాలు ఆగిన. మా తమ్ముడు ఆ దిక్కు పని చేసిండు. మోసం చేసే దిక్కు.

వాడు డిగ్రీ అయినంక ముంబై పోయిండు, పాలమూరోళ్లకు అది అలవాటే, మా నాయిన, మా తాత మట్టి పనికి పోయిన్రు, వీడు కంప్యూటర్ పనికి పోయిండు, గంతే తేడా. అక్కడ ఏజెంట్ ఒకడు కంబోడియాల డేటా ఎంట్రీ, నెలకు 70,000 అన్నడు. లక్షన్నర అప్పు తెచ్చి కట్టినం. దిగంగనే పాస్‌పోర్ట్ గుంజుకున్నరు. ఎత్తు గోడల బిల్డింగు, గేటు బయట తుపాకులు. తెలుగు వస్తది కద అని తెలుగోళ్ల నంబర్ల లిస్ట్ చేతిల పెట్టిన్రు, ఆడపిల్ల ఫోటో పెట్టుకొని చాటింగ్ చెయ్యాలె, పైసలు పెట్టించాలె. టార్గెట్ కాకపోతె అన్నం బంద్, కొట్టుడు. నాలుగు నెలలకు మేము పుస్తెలతాడు అమ్మి ఇంకో రెండు లక్షలు కడితె ఇడిచిపెట్టిన్రు.

వచ్చినంక వాడు తెలుగుల ఫోన్ వస్తె ఎత్తడు. ఒకామె ఖమ్మం దిక్కు, అంగన్‌వాడీ ఆయా అంట, ఆమె 38,000 పెట్టిందని, ఆమె పేరు తలుచుకొని ఏడుస్తడు. ఈ అన్న పోస్ట్ వానికి చదివి వినిపించిన. ఏం మాట్లాడలే.

జడ్చర్ల_చౌరస్తా
అక్కా, కోపానికి రాకు, కని కొట్టిన్రని, అన్నం పెట్టలేదని 38,000 గుంజుడు తప్పు తప్పే కద. ఆ ఆయా ఇంట్ల ఏమైందో.

నారాయణపేట_మగ్గం
తప్పే అన్నా. కాదని నేను అననే అనలే. పోలీసులకు వాంగ్మూలం ఇచ్చిండు, ఏజెంట్ పేరు చెప్పిండు, కేసు నడుస్తుంది. నేను రాసింది వాన్ని కడిగి తెల్లగ చేసెటందుకు కాదు. ఐ4సీ వాళ్లే 2024ల చెప్పిన్రు, మోసాలల్ల సగానికి దగ్గర కంబోడియా, మయన్మార్, లావోస్ నుంచే వస్తున్నయని. అక్కడ కూసున్నోళ్లల్ల మన పిల్లలు ఉన్నరు. 2025 మార్చిల మయన్మార్ బార్డర్ నుంచి 549 మందిని థాయిలాండ్ మీదికెల్లి ఎయిర్‌ఫోర్స్ విమానాలల్ల తెచ్చిన్రు, అండ్ల మన తెలంగాణోళ్లు గూడ ఉన్నరు. ఆ విమానం ఇంధనం రక్షణ బడ్జెట్‌దే కద. నేను ఆ వార్త చూసి కండ్లకు నీళ్లు పెట్టుకున్న. కని ఏజెంట్‌ను ముంబైలనే పట్టుకుంటె ఆ విమానమే అక్కర లేకుండె. మా ఊర్ల కొలువు ఉంటె ముంబై గూడ అక్కర లేకుండె.

అనంతగిరి_గాలి (వికారాబాద్)
జర పక్కకు పోతున్న, కని మూసీ_ఒడ్డు అన్న పేరు చూసి రాయాలనిపించింది. మీ మూసీ మా అనంతగిరి గుట్టలల్ల పుడతది. ఆడికి దగ్గరనే దామగుండం అడవిల 2,900 ఎకరాలు నేవీకి ఇచ్చిన్రు, 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ వచ్చి శంకుస్థాపన చేసిండు, 3,200 కోట్ల పని. సముద్రం కింద తిరిగే సబ్‌మెరైన్లకు సందేశం పంపే రాడార్ స్టేషన్ అంటరు జనం, అసలుకు అది రాడార్ కాదు, వీఎల్‌ఎఫ్ రేడియో, అంటె చాలా తక్కువ ఫ్రీక్వెన్సీది. తమిళనాడు తిరునెల్వేలిల ఒకటి ఉంది, ఇది రెండోది. సబ్‌మెరైన్ పైకి తేలితె శత్రువుకు కనపడుతది, కాబట్టి నీళ్లల్లకు దిగే తరంగం కావాలె, దానికి పెద్ద జాగ కావాలె. అవసరం నాకు అర్థమైంది. కని మా పూడూరు మండలం ఊర్లల్ల పశువులు మేపేటోళ్లకు, రామలింగేశ్వర స్వామి గుడికి పోయేటోళ్లకు, చెట్టుకు, వాగుకు ఏమైతదో ముందు కూసోబెట్టి చెప్పాలె కద. దేశ రక్షణ అనంగనే ప్రశ్న అడిగినోడు ద్రోహి అయితున్నడు. అది నాకు బాధ.

రిటైర్డ్_నాయక్ (మిర్యాలగూడ)
అడిగినోడు ద్రోహి కాదు తమ్మీ. యూనిఫాం ఏసుకున్నది మీరు అడగగలిగే దేశం ఉండాలనే. సిగ్నల్స్ మనిషిగ ఒకటి చెప్త, ఆ స్టేషన్ చాలా ముఖ్యం. ముఖ్యం కాబట్టే ఊరోళ్లకు ఇంకా సాఫ్‌గ చెప్పాలె.

మీసేవ_మక్తల్
నేను రోజు వందమంది వేలిముద్రలు చూసెటోన్ని, పనికొచ్చేది చెప్పి పోత. ఆధార్‌తోని వేలు పెట్టి పైసలు తీసే పద్ధతి ఉంది కద, ఏఈపీఎస్, దానికి ఓటీపీ అడగదు. ముద్ర దొంగతనం అయితె ఖాతా ఖాళీ. 2018ల పెద్దపల్లి దిక్కు సిమ్ములు అమ్మెటోడు ఒకడు భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలను రబ్బరు మీద అచ్చు ఏసి వేలకొద్ది సిమ్ములు యాక్టివేట్ చేసి దొరికిండు, అందరికి యాదికుంటది. అందుకే ఆధార్ యాప్‌లగాని, ఆధార్ వెబ్‌సైట్‌లగాని బయోమెట్రిక్ లాక్ చేసుకోండి, రెండు నిమిషాల పని, ఫ్రీ. ఒక్కటి యాది పెట్టుకోండి, లాక్ చేస్తె రేషన్ షాపుల గూడ వేలు పడదు, పోయే ముందు తీసి మల్ల పెట్టాలె. ముసలోళ్లకు ఇది కష్టం, మా సెంటర్ల నేను రాసి గోడకు అంటించిన, అయినా రోజు పదిమందికి నోటితోనే చెప్త.

ఫైల్ పేరు చివర ఏపీకే అని ఉంటె ముట్టుకోవద్దు. పెండ్లి పత్రిక అని వస్తది, ట్రాఫిక్ చలాన్ అని వస్తది, పీఎం కిసాన్ అని వస్తది. పెన్షన్ అని వచ్చుడు ఈ అన్న చెప్తెనే తెలిసింది, ఈ పొద్దే గోడ మీద ఆ ముక్క గూడ కలిపిన.

కౌంటర్_మూడు (నల్లగొండ)
మీసేవ అన్నకు తోడు రెండు. బ్యాంకుల నుంచి వచ్చే సర్వీస్ కాల్స్‌కు 1600తోని మొదలయ్యే నంబర్లు ఇస్తున్నరు, మామూలు పది అంకెల నంబర్ నుంచి బ్యాంకు అంటె అనుమానించున్రి. బ్యాంకుల వెబ్‌సైట్లు గూడ ఇప్పుడు చివర బ్యాంక్ డాట్ ఇన్ అని మారినయ్, అది లేకుంటె ఆగి చూడున్రి. పైసలు పోయిన తెల్లారి కాదు, పోయిన గంటలనే 1930. అర్ధరాత్రి అయినా సరే.

పొద్దుగాల_పరుగు (నల్లగొండ)
అన్నలకు, అక్కలకు నమస్తే. నేను అగ్నివీర్‌కు ప్రిపేర్ అయితున్న, మేము 30 మందిమి పొద్దున ఐదింటికి గ్రౌండుల ఉరుకుతం. నాలుగేండ్ల నౌకరీ, ఫస్ట్ ఏడాది 30,000 జీతం, చేతికి 21,000, ఆఖర్ల సేవానిధి 11.71 లక్షలు, పెన్షన్ లేదు, నూటికి 25 మందినే ఉంచుకుంటరు. 2022ల ఈ పద్ధతి వద్దని సికింద్రాబాద్ స్టేషన్‌కాడ ఎంత గొడవైందో మాకు యాదికుంది, అయినా యూనిఫాం మీద ఆశ పోతలేదు. తర్వాత పారామిలిటరీల రిజర్వేషన్ ఉంది, మంచిదే. నాకు ఒకటి అనిపిస్తది. మిగిలిన 75 మందిల కంప్యూటర్లు, సిగ్నల్స్ నేర్చుకొని వచ్చేటోళ్లు ఉంటరు, 25 ఏండ్ల లోపు పోరగాళ్లు. వాళ్లను ప్రతి మండలంల స్టేషన్‌కు ఇద్దరిని సైబర్ పనికి పెడితె? నాయక్ సాబ్ మెట్లు మండలం దాక దిగలె అన్నడు కద, ఆ మెట్లు మేమే కావచ్చు. ఆదివారం గూడ ఎవరో ఒకరు ఉంటరు స్టేషన్ల, "ముందు 1930కి కొట్టు పెద్దమనిషి, ఫోన్ నాకియ్యి" అని చెప్పేటోడు.

దేవరకొండ_టీచర్
తమ్ముడు రాసింది నాకు మస్తు నచ్చింది. కొత్త బిల్డింగు అక్కర లేదు, మనుషులు కావాలె. నేను ఈ వారం తొమ్మిదో తరగతి పిల్లలకు 1930 గురించి చెప్పిన, ఇంటికి పోయి అవ్వ ఫోన్‌ల ఆ నంబర్ సేవ్ చేసి రమ్మన్న. 41 మందిల 29 మంది చేసి వచ్చిన్రు. మిగిలినోళ్ల ఇండ్లల్ల అవ్వలకు బటన్ల ఫోన్లు, వాటిల్ల గూడ సేవ్ చెయ్యొచ్చని మల్ల చూపిచ్చిన.

మూసీ_ఒడ్డు (నకిరేకల్)
అందరికి చేతులెత్తి మొక్కుతున్న. కౌంటర్_మూడు అన్న చెప్పినట్టు కాగితం రాసి ఇచ్చిన, రుజువు భారం బ్యాంకుదే అన్న లైన్ రాసిన, ముద్ర ఏయించుకున్న. మొదలు ముద్ర ఎందుకు అన్నరు, నేను కదలలే, అరగంటకు ఏసిన్రు. లోక్ అదాలత్ లిస్టుల పేరు రాసుకున్నరు. నారాయణపేట అక్కా, మీ తమ్ముని గురించి మా నాయినకు చెప్పిన. కాసేపు ఏం అనలే, తర్వాత "ఆ పిలగాడు తిన్నడా అడుగు" అన్నడు. అది మీకు రాయాలె అనిపించింది.

పొద్దుగాల_పరుగు (నల్లగొండ)
అన్నా, తప్పుగ అనుకోకపోతె ఒకటి అడుగుత. మీ నాయిన ఒకసారి మా గ్రౌండుకు వస్తరా? పరుగు గురించి, రాజౌరి గురించి, ఈ ఫోన్ సంగతి గూడ, ఏది చెప్పినా వింటం. మా పోరలందరి ఇండ్లల్ల ముసలోళ్లు ఉన్నరు.

మూసీ_ఒడ్డు (నకిరేకల్)
రాత్రి అడిగిన. జవాబు ఇయ్యలే, లోపలికి పోయిండు. కొంచెం సేపటికి బూట్ల పాలిష్ డబ్బా ఏడుంది అని అమ్మను అడుగుతుంటె వినబడింది. ఎల్లుండి పొద్దున ఐదున్నరకల్లా వస్తం తమ్మీ, గ్రౌండు ఏ దిక్కో లొకేషన్ పంపు.